అలెప్పో మహమ్మారి, విశాఖ పొడపాము: డాక్టర్ పాట్రిక్ రస్సెల్ జీవితం

రక్తపింజర పేరు తెలియని రైతు మన డెల్టాలో ఉండడు. పెద్దవాళ్ళు పొడపాము అంటారు, కొన్ని ఊళ్ళలో కాటుక రేకుల పొడ అంటారు. కాని ప్రపంచంలో ఏ దేశపు వైద్యగ్రంథం తెరిచినా మన చేలగట్ల మీద తిరిగే ఈ పాము ఒక స్కాట్లండు వైద్యుని పేరుతోనే కనిపిస్తుంది. ఆయనే డాక్టర్ పాట్రిక్ రస్సెల్. ఎక్కడి ఎడింబరో, ఎక్కడి విశాఖపట్నం! ఆ పేరు ఈ పాముకి ఎలా అంటుకుంది? ఆయన జీవితం చదివితే అంతకంటే పెద్ద విశేషం ఒకటి బయటపడుతుంది. నడివయసులో ఆయన ఒక మహమ్మారిని చూశాడు, పెద్ద వయసులో ఒక విషసర్పాన్ని చూశాడు. ఈ రెండూ మనిషి నెత్తుటిలో ఒకే వ్యవస్థ మీద దెబ్బకొడతాయని ఆయన కాలంలో ఎవరికీ తెలియదు. ఆయన పోయిన నూరేళ్ళకు గాని ఆ ముడి విడడం మొదలు కాలేదు.

పాట్రిక్ రస్సెల్ 1727 ఫిబ్రవరి 6న ఎడింబరోలో జన్మించాడు. తండ్రి జాన్ రస్సెల్ న్యాయవాది. ఇంటినిండా పిల్లలు. వాళ్ళలో ముందు వైద్యుడైనవాడు సవతి అన్న అలెగ్జాండర్. లెవాంట్ కంపెనీ అనే ఇంగ్లీషు వర్తక సంఘానికి వైద్యుడిగా సిరియా దేశంలోని అలెప్పో నగరంలో ఆయన ఉద్యోగం చేస్తుండేవాడు. తమ్ముడు పాట్రిక్ ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1750లో పట్టా పుచ్చుకుని అన్న దగ్గరికి చేరాడు. 1753లో అన్న ఇంగ్లండు వెళ్ళిపోతే ఆ ఉద్యోగం తమ్ముడికి వచ్చింది. అప్పటికి ఆయనకు ఇరవయ్యారేళ్ళు, అంటే మనకంటే అయిదారేళ్ళు పెద్ద, అంతే.

అలెప్పో అప్పట్లో తుర్కీ సుల్తానుల ఏలుబడిలో ఉండేది. ఎడారి బిడారులు, పట్టు బేరగాళ్ళు, పలు మతాల జనంతో కిటకిటలాడే పట్టణం. రస్సెల్ అరబ్బీ భాష నేర్చుకున్నాడు. ఇంగ్లీషు వర్తకులకే కాదు, ఊరి జనానికి కూడా వైద్యం చేశాడు. అక్కడి పాషా ఆయన్ని గౌరవించి తలపాగా ధరించే హక్కు ఇచ్చాడంటే ఎంతగా కలిసిపోయాడో ఊహించుకోవచ్చు. ఏది చూసినా రాసిపెట్టుకోవడం ఆయనకు మొదటినుంచీ అలవాటు. 1759లో సిరియాలో భూకంపాలు వస్తే ఆ వివరాలు లండన్ రాయల్ సొసైటీకి పంపాడు. అరబ్బు పల్లెల్లో ఆడవాళ్ళు మశూచికి టీకాలు వేసుకునే పద్ధతిని గురించి ఆయన రాసిన లేఖ 1768లో ఆ సొసైటీ సంపుటంలో అచ్చయింది. జెన్నర్ టీకా రావడానికి అది ముప్ఫై ఏళ్ళ ముందు మాట.

1760లో అలెప్పోలో ప్లేగు వచ్చింది. ఒక్క ఏడాదితో పోలేదు, 1761, 1762ల్లో మళ్ళీ మళ్ళీ లేచింది. యూరపు వర్తకులు తమ సత్రాల తలుపులు బిగించుకుని కూర్చునేవారు. రస్సెల్ మాత్రం రోగులకు సలహా చెప్పడం మానలేదు, రాయడమూ మానలేదు. ఎవరికి ఏ రోజున జ్వరం వచ్చింది, గజ్జల్లో చంకల్లో గడ్డలు ఎప్పుడు లేచాయి, ఒంటిమీద మచ్చలు ఏ రంగులో ఉన్నాయి, ఎన్నో రోజున ప్రాణం పోయింది, ఇవన్నీ దినచర్యలాగా పెట్టుకున్నాడు. ఈ రోగం మనిషినుంచి మనిషికి అంటుతుందని ఆయన గట్టిగా నమ్మాడు. ఎలుక సంగతి, ఎలుక మీది ఈగు సంగతి ఆ రోజుల్లో లోకానికి తెలియదు. ప్లేగు సూక్ష్మజీవిని అలెగ్జాండర్ యెర్సిన్ హాంకాంగులో పట్టుకున్నది 1894లో. ఎలుక మీది ఈగే దాన్ని మోస్తున్నదని కరాచీలో పాల్ లూయీ సీమోన్ చూపించింది 1898లో.

రస్సెల్ తన పుస్తకంలో రాసుకున్న ఆ మచ్చలే మన కథకు కీలకం. ప్లేగు ముదిరిన రోగికి చర్మం కింద నెత్తురు కమిలి చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. వేలికొసలు, ముక్కుకొస నల్లబడి చచ్చుబడతాయి. ఒకే ఒంట్లో ఒకచోట నెత్తురు గడ్డకట్టి దారి మూసుకుపోతుంది, మరొకచోట గడ్డకట్టక కారిపోతుంది. ఈ రెండూ ఏకకాలంలో ఎలా జరుగుతాయి? మన డెల్టా పిల్లలకు దీన్ని అర్థం చేసుకోవడం పెద్ద కష్టం కాదు, కాలవ సంగతి తెలిస్తే చాలు.

కాలవకి గండి పడిందనుకోండి. ముందు దగ్గరున్న వాళ్ళు పరుగెత్తుకొచ్చి అడ్డంగా నిలబడతారు. ఆ తర్వాత ఇసుక బస్తాలు, తాటిదుంగలు, గడ్డిమోపులు వేసి కట్ట నిలబెడతారు. నెత్తుటిలో ముందు పరుగెత్తుకొచ్చేవి రక్తఫలకికలు. ఆరోగ్యవంతుని నెత్తుటిలో ఘన మిల్లీమీటరుకు లక్షన్నర నుంచి నాలుగు లక్షల దాకా ఉంటాయి. ఆ వెనక రక్తస్కందన కారకాలనే ప్రోటీన్లు ఒకదాన్నొకటి లేపుకుంటూ వస్తాయి. రక్తనాళం చీలితే బయట ఉండే టిష్యూ ఫ్యాక్టర్ నెత్తుటికి తగులుతుంది, అదే మొదటి కేక. ఆ కేకకు పదో కారకం లేస్తుంది. అది అయిదో కారకాన్ని జతచేసుకుని ప్రోథ్రాంబిన్‌ని థ్రాంబిన్‌గా మారుస్తుంది. థ్రాంబిన్ నెత్తుటిలో కరిగి ఉన్న ఫైబ్రినోజన్‌ని ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది. వల అల్లుకుంటుంది, గండి పూడుతుంది.

అయితే పూడ్చడం ఎక్కడ ఆపాలో తెలియకపోతే కాలవే పూడిపోతుంది గదా! అందుకని శరీరం లాకులు పెట్టుకుంది. మొదటిది టిష్యూ ఫ్యాక్టర్ దారినే ఆపే నిరోధకం, మొదటి కేకను అదుపులో పెట్టడం దాని పని. రెండోది యాంటీథ్రాంబిన్, దారితప్పి కొట్టుకుపోయే థ్రాంబిన్‌ని, పదో కారకాన్ని పట్టి బంధిస్తుంది. మూడోది ప్రోటీన్ సి. దీని తమాషా ఏంటంటే, గడ్డకట్టించే థ్రాంబినే దీన్నీ లేపుతుంది. రక్తనాళం లోపలి గోడమీద థ్రాంబోమాడ్యులిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. థ్రాంబిన్ వెళ్ళి దానికి తగులుకుంటే దాని బుద్ధి మారిపోతుంది. గడ్డకట్టించడం మాని, ప్రోటీన్ సి ని లేపి అయిదో, ఎనిమిదో కారకాలను విరిచేయిస్తుంది. ఇక నాలుగోది ప్లాస్మిన్, పని అయిపోయిన వలను ముక్కలుగా కోసి కరిగించేది. ఈ నాలుగూ సరిగా ఉన్నంతకాలం గండి ఉన్నచోటే కట్ట పడుతుంది, మిగతా కాలవ పారుతూనే ఉంటుంది.

ఒంట్లోకి సూక్ష్మజీవులు జొరబడినప్పుడు శరీరం కావాలనే కొంత నెత్తుటిని గడ్డకట్టిస్తుంది. దొంగ దూరిన వీధికి రెండు వైపులా బళ్ళు అడ్డం పెట్టినట్టన్నమాట. తెల్లకణాలు తమ డి.ఎన్.ఎ. పోగులనే బయటికి చిమ్మి ఉచ్చులు పన్నుతాయని 2004లో తెలిసింది. ఆ ఉచ్చులూ, ఫైబ్రిన్ వలా, ఫలకికలూ కలిసి సూక్ష్మజీవిని అక్కడే బిగించేస్తాయి. ఇది రక్షణే, రోగం కాదు. ప్లేగు క్రిమి కూడా ఇది తెలిసినట్టే ప్రవర్తిస్తుంది. అది తయారుచేసే ఒక ఎంజైము మన ప్లాస్మినోజన్‌నే లేపి, దాన్ని పట్టిన వలను మన చేతే కోయిస్తుంది. అలా తప్పించుకుని ఒళ్ళంతా పాకుతుంది.

క్రిమి నెత్తుటిలో పడి ఊరంతా పాకిన తర్వాత కథ అడ్డం తిరుగుతుంది. ప్లేగు క్రిమి లాంటి వాటి పైపొరలో ఎండోటాక్సిన్ ఉంటుంది. అది తగిలిన తెల్లకణాలు, గండి లేకుండానే, టిష్యూ ఫ్యాక్టర్‌ని తమ ఒంటిమీదే మొలిపించుకుంటాయి. వెయ్యిచోట్ల ఒక్కసారిగా గండి అన్న కేక. అదే సమయంలో లాకులు ఒక్కొక్కటే చెడిపోతాయి. నాళపు గోడమీద థ్రాంబోమాడ్యులిన్ తగ్గుతుంది, ప్రోటీన్ సి లేవదు. యాంటీథ్రాంబిన్ ఖర్చయిపోతుంది. ప్లాస్మిన్‌ని అణచే పి.ఎ.ఐ.-1 అనే పదార్థం విపరీతంగా పెరిగి, కట్టిన గడ్డ కరగదు. సన్న రక్తనాళాలన్నీ పూడి, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, వేలికొసలు శివారు భూముల్లాగా ఎండిపోతాయి. ఇటు బస్తాలన్నీ అక్కర్లేని చోట వేసేసరికి ఫలకికలూ, ఫైబ్రినోజనూ నిండుకుంటాయి. నిజంగా గండిపడిన చోట వేయడానికి ఇక ఏమీ మిగలదు, నెత్తురు కారుతుంది. అలెప్పోలో రస్సెల్ రాసుకున్న మచ్చల వెనక జరిగింది ఇదీ.

1771లో రస్సెల్ అలెప్పో వదిలి ఇటలీ, ఫ్రాన్సు మీదుగా ఇంగ్లండు చేరాడు. 1777లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. లండన్‌లో హాయిగా వైద్యం చేసుకుంటూ ఉండిపోయేవాడే. కాని తమ్ముడు క్లాడ్ రస్సెల్‌కి ఈస్టిండియా కంపెనీలో విశాఖపట్నం పరిపాలన బాధ్యత వచ్చింది. తమ్ముడికి తోడుగా 1781లో యాభై నాలుగేళ్ళ పాట్రిక్ ఓడెక్కాడు. అప్పటికి ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చి పదిహేనేళ్ళు. అసలు ఈ తీరంలో కంపెనీ మొదటి వర్తకశాల వెలిసింది మన బందరులోనే, 1611లో. 1759లో కర్నల్ ఫోర్డ్ బందరు కోటను ఫ్రెంచివాళ్ళ దగ్గర గెలుచుకున్నాక గాని ఈ జిల్లాలకు కంపెనీ దారి తెరుచుకోలేదు. ఆ దారినే పాలకులతో పాటు రస్సెల్ లాంటి శాస్త్రజ్ఞులూ వచ్చారు.

కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేస్తున్న కోనిగ్ 1785లో కాకినాడ పక్కన జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆ పదవి రస్సెల్‌కి ఇచ్చారు. మొదట మొక్కల పని పట్టాడు. కంపెనీ వైద్యులు తామున్న జిల్లాల్లో ఉపయోగపడే మొక్కల వివరాలు సేకరించాలని మద్రాసు ప్రభుత్వానికి సూచించాడు. సామర్లకోటలో ఉన్న రాక్స్‌బరో కోరమాండల్ తీరపు మొక్కలపై తెచ్చిన పెద్ద గ్రంథానికి మూలం ఆ సూచనే. 1795లో వచ్చిన దాని మొదటి సంపుటానికి పీఠిక రాసింది రస్సెలే.

ఆయన మనసు నిలిచింది మాత్రం పాముల మీద. ఎందుకంటే జనం చచ్చిపోతున్నారు, కరిచింది విషపుదో కాదో చెప్పగలవాడు లేడు. ఏ పాము ప్రమాదమో, ఏది కాదో చూడగానే గుర్తుపట్టే లక్షణాలు తేల్చాలన్నది ఆయన పట్టుదల. పాముల్ని తెప్పించి, పొలుసులు లెక్కపెట్టి, కోరలు పరీక్షించి, బొమ్మలు గీయించాడు. వాటి పేర్లు లాటినులో కల్పించకుండా, మనవాళ్ళు పిలిచే పేర్లే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. అలా కాటుక రేకుల పొడ ఆయన పుస్తకంలోకి ఎక్కింది. కాటుక దిద్దిన రేకుల్లాంటి మచ్చలున్న పొడపాము అని దాని అర్థం. వీపు మీద గొలుసులా సాగే మచ్చల చుట్టూ నల్లటి అంచు చూసినవాళ్ళకి ఆ పేరు ఎంత కచ్చితమో తెలుస్తుంది. అలాగే పసుపు పట్టెల కట్లపాముకి బంగారు పాము అని రాసుకున్నాడు. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదెన్ కట్లపాముల ప్రజాతికి బంగారస్ అని పేరు పెట్టాడు. ఈనాటికీ ప్రపంచమంతటా చెల్లే ఆ శాస్త్రనామం మన తెలుగు మాటే. పామును తెచ్చి, పేరు చెప్పిన తెలుగు పల్లెవాళ్ళ పాలు ఆ శాస్త్రంలో ఉన్నదని మనం మరచిపోగూడదు.

విషం బలం తెలుసుకోవడానికి కుక్కల మీద, కోళ్ళ మీద కాట్లు వేయించి చూశాడు. ఎన్ని నిమిషాలకు ఏ లక్షణం వచ్చిందో రాశాడు. త్రాచు తర్వాత అంత ప్రమాదకరమైనది ఈ పొడపామేనని తేల్చాడు. తంజావూరు మాత్ర అని ఆ రోజుల్లో పాముకాటుకి గొప్ప పేరున్న మందు ఒకటుండేది. అందులో ముఖ్యమైనది పాషాణం. దాని పేరుప్రతిష్ఠల్ని చూసి రస్సెల్ నమ్మలేదు, కొట్టిపారేయనూ లేదు, కరిపించిన జంతువులకిచ్చి పరీక్షించాడు. ఇది మనం నేర్చుకోవలసిన పాఠం. చేలల్లో కరిచే పాముల్లో నీరుకట్టె, జెర్రిపోతు లాంటి విషం లేనివే ఎక్కువ. వాటి కాటుకి ఏ వేరు రాసినా, ఏ మంత్రం వేసినా మనిషి బతుకుతాడు. ఆ బతికినవాడే మంత్రగాడికి ఊరూరా సాక్ష్యం. విషం ఉన్నది కరిచి చచ్చిపోయినవాడు సాక్ష్యం చెప్పడానికి రాడు. అందుకే పామును గుర్తుపట్టడం ముందు, మందు సంగతి తర్వాత అన్న రస్సెల్ క్రమం అంత విలువైనది.

రక్తపింజర విషం చేసే పని ఆయన తర్వాత చాలాకాలానికి బయటపడింది. ఆ విషంలో రెండు ఎంజైములున్నాయి. ఒకటి పదో కారకాన్ని, మరొకటి అయిదో కారకాన్ని నేరుగా లేపుతాయి. మొదటి కేకా అక్కర్లేదు, గండీ అక్కర్లేదు, నేరుగా కట్టపని మొదలైపోతుంది. కొద్దిసేపట్లోనే ఫైబ్రినోజన్ అంతా ఖర్చయిపోయి నెత్తురు నీళ్ళలా అవుతుంది. చిగుళ్ళ నుంచి, మూత్రంలో, సూది పొడిచిన చోటినుంచి కారుతూనే ఉంటుంది. విషంలోని మరికొన్ని పదార్థాలు రక్తనాళాల గోడల్నే తినేస్తాయి. మూత్రపిండాలు దెబ్బతింటాయి.

మా ఇంట్లో ఇది చూసిన సంగతే. రెండేళ్ళ క్రితం వరి కోతల్లో మా పెదనాన్నకి పన ఎత్తుతుంటే కాలి మడమ మీద కాటు పడింది. పక్కూరి నాటువైద్యుడి దగ్గర కట్టు కట్టించి, పసరు పోయించి, నాలుగు గంటలు కూర్చోబెట్టారు. రాత్రికి కాలు తొడదాకా పొంగి చిగుళ్ళ వెంట నెత్తురు మొదలైంది. అప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్తే అక్కడి నర్సమ్మగారు చేసిన మొదటి పని నన్ను ఆశ్చర్యపరచింది. పొడిగా, శుభ్రంగా ఉన్న గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల నెత్తురు తీసి, కదపకుండా నిలబెట్టి, గడియారం చూసింది. సరిగ్గా ఇరవై నిమిషాలకు గొట్టం వంచింది. గడ్డ కట్టలేదు, నీళ్ళలా జారింది. యంత్రం లేదు, కరెంటు లేదు, ఖర్చు లేదు. ఆ గొట్టం చెప్పిన మాట మీద వెంటనే విషవిరుగుడు ఎక్కించారు. ఆరు గంటలకొకసారి మళ్ళీ అదే పరీక్ష చేశారు. కొత్త కారకాలు తయారుచేయడానికి కాలేయానికి సుమారు అంత సమయం పడుతుందట. ఆయన బతికారు గాని, ఆలస్యం మూత్రపిండాల మీద పడి నెలరోజులు డయాలిసిస్ మీద ఉన్నారు. ఆ నాలుగు గంటలకి మా కుటుంబం అరెకరం కౌలు సొమ్ము, ఒక గేదె చెల్లించింది.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి, లేకపోతే రెండూ ఒకటేనని పొరబడతాం. సూక్ష్మజీవుల రోగంలో కరిగించే పని అణగిపోతుంది కనుక గడ్డలు నిలిచి అవయవాలను చంపడమే ముఖ్యమైన ప్రమాదం. పింజర కాటులో అల్లిన వల వెంటనే కరిగిపోతూ ఉంటుంది, అందుచేత నెత్తురు కారడమే ముందు కనిపిస్తుంది. మందులూ వేరే. పాముకాటుకి విషవిరుగుడు, సూక్ష్మజీవికి యాంటీబయాటిక్. గడ్డకట్టడాన్ని మాత్రమే సరిచేస్తే రోగం నయమవుతుందా అని శాస్త్రజ్ఞులు ప్రయత్నించారు. లేచిన ప్రోటీన్ సి ని కర్మాగారంలో తయారుచేసి 2001లో అమెరికాలో మందుగా అనుమతించారు. పెద్ద పరీక్షలో ప్రాణాలు నిలపలేదని తేలి 2011లో దాన్ని వెనక్కు తీసుకున్నారు. లాకు ఒక్కటి బాగుచేసి వరదను ఆపలేం. క్రిమిని చంపడమే మొదటి పని, అది ఎంత తొందరగా జరిగితే అంత మేలు.

మన చేలకు ఈ రెండూ దగ్గరే. ప్లేగు ఇప్పుడు మన దగ్గర లేదు, కాని ఎలుక ఉంది. ఎలుక మూత్రంతో కలిసిన బురదలో లెప్టోస్పైరా అనే బాక్టీరియా ఉంటుంది. ఊడ్పుల్లో పగిలిన పాదాల గుండా అది నెత్తుటిలోకి పోతుంది. దాన్నే ఎలుక జ్వరం అంటారు. పిక్కల నొప్పులు, కళ్ళు ఎర్రబడడం, పచ్చకామెర్లు, ముదిరితే ఫలకికలు పడిపోయి ఊపిరితిత్తుల్లో నెత్తురు. ఆ ఎలుక కోసమే రక్తపింజర గట్టు మీదికి, గడ్డివామిలోకి వస్తుంది. ఒకే ఎలుక కలుగు చుట్టూ రెండు రోగాలు! అలెప్పోలో ఎలుకే, దివిసీమలో ఎలుకే. 2018 వానాకాలంలో అవనిగడ్డ, మోపిదేవి ప్రాంతాల్లో పాముకాట్లు ఎక్కువై జనం భయపడితే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని గుడిలో సర్పయాగం చేయించారు. దేవుడికి మొక్కడం తప్పని నేననను. మొక్కుతో పాటు ఆస్పత్రిలో విషవిరుగుడు ఉందో లేదో కూడా కనుక్కోవాలి. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకి పన్నెండు లక్షల మంది చనిపోయారని 2020లో ఒక పరిశోధన లెక్కగట్టింది. ఏటా సుమారు 58,000 మంది. వాళ్ళలో ఎక్కువమంది మనలాంటి పల్లెవాళ్ళే.

1789లో రస్సెల్ మన తీరం వదిలి స్వదేశం చేరాడు. వయసు అరవై దాటినా ఆయన చేతిలో కలం ఆగలేదు. 1791లో ప్లేగు గ్రంథం వెలువరించాడు. రోగుల వివరాలే గాక, ఓడల్ని, మనుషుల్ని ఎలా వేరుగా ఉంచాలో, మహమ్మారి వేళ పరిపాలన ఎలా సాగాలో అందులో చర్చించాడు. 1794లో అన్న రాసిన అలెప్పో ప్రకృతి చరిత్రను రెండు సంపుటాలుగా విస్తరించి తిరిగి అచ్చువేయించాడు. 1796లో కోరమాండల్ తీరపు సర్పాల గ్రంథం, 1803లో విశాఖపట్నంలో సేకరించిన రెండువందల చేపల గ్రంథం వచ్చాయి. 1804లో, డెబ్బయ్యేడేళ్ళ వయసులో, త్రాచు పడగ ఎలా విప్పుతుందో రాయల్ సొసైటీకి రాశాడు. పెళ్ళి చేసుకోలేదు. 1805 జూలై 2న లండన్‌లో కన్నుమూశాడు. సర్పాల గ్రంథం చివరి భాగాలు ఆయన పోయాక గాని వెలువడలేదు.

1797లో జార్జ్ షా అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కాటుక రేకుల పొడకి రస్సెల్ పేరు పెట్టాడు. ఆ పాము విషానికి మరో విచిత్రమైన చరిత్ర పట్టింది. 1934లో లండన్‌లో మాక్‌ఫార్లేన్ అనే యువ వైద్యుడు, పుట్టుకతో నెత్తురు గడ్డకట్టని హిమోఫీలియా రోగుల గాయాలపై బాగా పలచన చేసిన ఈ విషాన్ని అద్ది రక్తం ఆపగలిగాడు. చంపేదే మందైంది. అదే మాక్‌ఫార్లేన్ 1964లో, కారకాలు ఒకదాన్నొకటి లేపుకుంటూ మెట్లమెట్లుగా దిగే క్రమాన్ని లోకానికి వివరించాడు. ఈనాటికీ పెద్ద ప్రయోగశాలల్లో నెత్తురు పరీక్షకు రస్సెల్ పాము విషం వాడుతున్నారు. ఇక ప్లేగు విషయానికొస్తే, ఆయన చేతుల్లో లేని మందు తర్వాత వచ్చింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనలకు పెద్దగా ఉన్న అమెరికా లెడర్లీ ప్రయోగశాలల్లో బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి అందింది. దాని కుటుంబానికి చెందిన డాక్సీసైక్లిన్ ఇవాళ ప్లేగుకీ, ఎలుక జ్వరానికీ కూడా పనిచేస్తున్నది.

రస్సెల్ ప్లేగును నయం చేయలేదు, పాముకాటుకి విరుగుడూ కనిపెట్టలేదు. చూసింది చూసినట్టు రాశాడు, పేరున్న మందును పరీక్ష పెట్టాడు, పల్లెవాడి మాటను గౌరవించి పుస్తకంలో పెట్టాడు. ఆ పునాది మీద తర్వాతివాళ్ళు కట్టారు. సైన్సు చదివే మనం మన ఊళ్ళకి చేయగలిగింది కూడా ఆ పాటిదే. కాటు పడ్డ కాలిని కోయవద్దని, గట్టిగా కట్టవద్దని, కదపకుండా 108లో ఎక్కించి పంపమని, కాటు పడ్డ వేళ గుర్తుపెట్టుకోమని చెప్పగలం. ఊడ్పుల కాలంలో జ్వరం వస్తే బురదలో దిగిన సంగతి డాక్టరుకు చెప్పమనగలం. రాత్రి గట్టు మీదికి వెళ్ళేటప్పుడు చేతిలో టార్చి, కాలికి బూటు ఉండాలని మన నాన్నలకీ, బాబాయిలకీ నచ్చచెప్పగలం. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని 2024లో కేంద్రప్రభుత్వం కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. అది కాగితం మీది మాటగా మిగలకుండా చూసే పని, ఈ సంచిక మూసి సెలవులకు ఊళ్ళకు వెళ్ళే మన విద్యార్థులది కూడా.